యుద్ధం పుస్తకంలో నేను వెతికిన పేజీ

ఆరు వందల పైచిలుకు పేజీల పుస్తకాన్ని మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా వేలు పెట్టి చదివాను. పదకొండు నెలలు పట్టింది. అందులో నాకు కావలసింది ఒక్క పేజీ. అది దొరకలేదు.

ఎందుకు దొరకలేదో చెప్పాలంటే ముందు నా ఉద్యోగం గురించీ, సునామీ వచ్చిన వారంలో నేను చేసిన ఒక వెధవ పని గురించీ చెప్పాలి. కొత్తగా ఉద్యోగాల్లో చేరే పిల్లలు చదువుతారని రాస్తున్నాను. నీతి కోసం వెతక్కండి. నాకే ఇంకా పూర్తిగా తేలలేదు.

నేను పోర్ట్ బ్లెయిర్‌లో నీళ్ళు వదిలే వాల్వ్‌మ్యాన్‌ని. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి కలప పనికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను ఇక్కడే పుట్టాను. బడి ఉంది, నేను వెళ్ళలేదు. ఎవరూ ఆపలేదు, నాకే బుద్ధి లేకపోయింది. యాభై ఏళ్ళు వచ్చేదాకా జీతం కాగితం మీద వేలిముద్రే వేశాను.

మా ఊళ్ళో కుళాయి నీళ్ళు రోజూ రావు. ఒక్కో వీధికీ ఒక వంతు ఉంటుంది. వీధి మొదట్లో సిమెంటు మూత కింద వాల్వు, దాన్ని తిప్పడానికి ఛాతీ ఎత్తు ఇనప కడ్డీ, పైన అడ్డంగా పిడి. ఆ కడ్డీని అందరూ చావీ అంటారు. సాయంత్రం చావీ మాతో ఇంటికొస్తుంది. తలుపు వెనక నిలబెడితే ఇంట్లోవాళ్ళు కూడా దాన్ని ముట్టుకోరు. ఇంకొకడి చేతికి ఇవ్వడమన్నది లేదు. ఇది ఆఫీసు రూలు కాదు, మా రూలు.

వాల్వు తిప్పేముందు చావీతో గొట్టం మీద మూడు దెబ్బలు కొడతాం. ఆ చప్పుడు ఇనుములోంచి వీధి చివరిదాకా పాకుతుంది. ఆడవాళ్ళు బిందెలతో బయటికొస్తారు. పావుగంట ఆగి అప్పుడు తిప్పుతాం. ఒక్కొక్కరి దెబ్బ ఒక్కో రకం. నేను సెలవు పెట్టి ఇంకొకడు కొడితే, 'ఇవాళ ఆయన రాలేదేంటి' అనేవాళ్ళు మా వీధుల్లో. అంటే నా సంతకం కాగితం మీద లేకపోయినా గొట్టం మీద ఉందన్నమాట. అలా అనుకుని కొంచెం పొగరుగా ఉండేవాణ్ణి కూడా.

ఆదివారం పొద్దున్న భూమి ఊగింది, ఆ వెనకే సముద్రం వచ్చింది. దాని గురించి నాకంటే ఎక్కువ పోగొట్టుకున్నవాళ్ళు రాశారు. నేను గొట్టాల సంగతే రాస్తాను. పల్లపు వీధుల్లో నేల కిందికి దిగిపోయింది. పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీళ్ళు ఇళ్ళలోకి వచ్చి కూర్చునేవి. మా ఇంట్లోకీ వచ్చాయి. మా ఆవిణ్ణీ పిల్లల్నీ గోల్ ఘర్‌లో మా బావమరిది ఇంటికి పంపేసి నేను చావీ భుజాన వేసుకుని పనిలోకి పోయాను. గొట్టాలు ఎక్కడికక్కడ అతుకుల దగ్గర ఊడిపోయి ఉన్నాయి. గట్టు మీద బడి మైదానంలో క్యాంపు పెట్టారు. మా పల్లపు వీధులవాళ్ళు అక్కడే ఉన్నారు. దక్షిణ ద్వీపాల నుంచి ఓడల్లో తెచ్చినవాళ్ళు కూడా అక్కడే దిగారు.

ఆ క్యాంపు లైను బాగుచెయ్యడానికి మేం ముగ్గురం. నేను, పార పని చేసే ఒక రాంచీ మనిషి, మా పైన ఒక కుర్ర జేఈ, అంటే జూనియర్ ఇంజనీరు. రాంచీ మనిషి రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ, అవీ హిందీలో. జేఈ గోదావరి వైపు అబ్బాయి. పాతికేళ్ళుంటాయేమో. ఉద్యోగానికొచ్చి మూడు నెలలు. భూమి మళ్ళీ మళ్ళీ ఊగేది కదా, అలా ఊగినప్పుడల్లా అతని మొహంలో రక్తం ఉండేది కాదు. కానీ పారిపోలేదు. ఓడ టికెట్ దొరికితే చాలని ఆఫీసర్లే జెట్టీ దగ్గర నిలబడ్డ రోజులవి.

మా అతుకు పక్కనే జపాను వాళ్ళ కాలం నాటి బంకరు ఒకటి ఉంది. మా ఊళ్ళో అవి అక్కడక్కడా ఉంటాయి, పిల్లలు ఎక్కి ఆడుకుంటారు. భూకంపానికి అది ఇంచు కూడా కదల్లేదు. అందుకని జేఈ టీ తాగడానికి దాని మీదే కూర్చునేవాడు, మమ్మల్నీ కూర్చోమనేవాడు. అతని సంచిలో ఒక లావు పుస్తకం ఉండేది. అట్ట మీద పొగ, ఆ పొగలో కూలిన ఇళ్ళ మధ్య నిలబడ్డ ఒక పెద్దమనిషి.

"ఏంటి సార్ అది?" అని అడిగాను మొదటి రోజు.

"యుద్ధం పుస్తకం బాబాయ్. ఒక దేశం మీద రోజూ బాంబులు పడుతుంటే ఈయన దాన్ని ఎలా నడిపించాడో రాశారు. కథలాగే ఉంటుంది, కానీ అన్నీ జరిగినవే."

ఆ రోజు నుంచి టీ తాగే వేళ అదే మా పని అయింది. జేఈ ఒక పేజీ తెరిచి, కాసేపు చూసి, మాకు అర్థమయ్యేలా కొంత తెలుగులో, కొంత హిందీలో చెప్పేవాడు. రాంచీ మనిషి కూడా బీడీ ఆర్పి వినేవాడు. ఉప్పునీళ్ళ గుంటలోకి ఎవరు దిగాలని నేనూ అతనూ వాదులాడుకున్న పూట, పెద్దమనిషి దగ్గర మాట్లాడుకోని ఇద్దరు సేనాపతుల కథ వచ్చింది. జేఈకి జ్వరం తగిలిన పూట, ఆ పెద్దమనిషి భయమేసినప్పుడు మంచం మీద పడుకునే ఉత్తర్వులు రాయించేవాడని వచ్చింది. పుస్తకంలో ఆ పూటకి సరిపడ్డ పేజీ ఎలా తెరుచుకుంటోందా అని నాకు వింతగా ఉండేది. పుస్తకాలంటే అలాగే ఉంటాయి కాబోలనుకున్నాను. నాకేం తెలుసు?

ఇక నా వెధవ పని.

బుధవారం నాటికి క్యాంపులో ఓపిక అయిపోయింది. తాగడానికి ట్యాంకరు వచ్చేది గానీ మనిషికి చెంబెడు కూడా అందేది కాదు. కొంతమంది గట్టు కింద పాత బావికి పోయి నీళ్ళు తెచ్చుకుంటున్నారు. ఆ బావిలోకి సముద్రంతో పాటు ఇంకేమేం వచ్చాయో ఎవరికీ తెలీదు. మధ్యాహ్నం నేను క్యాంపు లైనుకి నీళ్ళొచ్చే ట్యాంకు చూసి వస్తుంటే, ట్యాంకరు దగ్గర బిందెలతో కొట్టుకుంటున్నారు. ఒక ముసలామెని కింద పడేశారు. మా పల్లపు వీధిలో చేపలమ్మే ఆవిడ ఒకామె ఉండేది, నాకంటే నాలుగైదేళ్ళు చిన్న, నోరు మాత్రం చాలా పెద్దది. ఆమె మధ్యలో దూరి ఆపుతోంది. ఆపలేకపోతోంది.

అతుకు ఆ రోజు పూర్తవదని నాకు తెలుసు. అయినా వాల్వు దగ్గరికి పోయి ఎండిన గొట్టం మీద మూడు దెబ్బలు కొట్టాను.

కొట్లాట ఆగిపోయింది. నన్ను నమ్మండి, అలా ఆగడం నేనెప్పుడూ చూళ్ళేదు. నా దెబ్బ తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకి చెప్పారు. కొత్తగా వేసిన ఎనిమిది కుళాయిల ముందూ బిందెలు వరస కట్టాయి. ఎవరో నవ్వారు కూడా. నాయకత్వమంటే ఇదే కాబోలనుకుని చావీ భుజానేసుకుని అతుకు దగ్గరికి జారుకున్నాను. వాళ్ళు పొద్దు వాలేదాకా ఎండలో కూర్చున్నారని తర్వాత తెలిసింది.

అది ఒకసారితో ఆగితే తొందరపాటు అనుకోవచ్చు. గురువారం కూడా అదే పని చేశాను. బుధవారం అంత బాగా పనిచేసింది మరి. ఈసారి బిందెలు సగమే వచ్చాయి. పార పట్టుకుని వెనకే వచ్చిన రాంచీ మనిషి నా వైపు చూసి, "పానీ నహీఁ హై, తో ఠోకా క్యోఁ?" అన్నాడు. నీళ్ళు లేనప్పుడు ఎందుకు కొట్టావని. నీ పని నువ్వు చూసుకో అన్నాను.

శుక్రవారం పొద్దున్నకి అతుకు పడింది. అతుకు మీద తొడిగే కొత్త ఇనప కాలరు దొరకలేదు. పాత టైరు రబ్బరు చుట్టి, క్లాంపులు బిగించాం. జేఈ లెక్కేసి చెప్పాడు. ట్యాంకులో క్యాంపుకి ఒక గంట నీళ్ళున్నాయి. పది కొట్టేసరికి ఆసుపత్రి లైనుకి తిప్పెయ్యాలి. మళ్ళీ క్యాంపు వంతు రెండు రోజుల తర్వాతే. ఇంకో మాట కూడా చెప్పాడు. ఎనిమిది కుళాయిలూ పారుతూ ఉండాలి. మూసి ఉంటే గొట్టంలో ఒత్తిడి పెరిగి రబ్బరు అతుకు ఎగిరిపోతుంది. అది ఎగిరితే రెండు రోజులు కాదు, వారం. క్యాంపు డాక్టరు అప్పటికే మా జేఈకి కబురు పెట్టాడు, పన్నెండు మంది పిల్లలకి విరేచనాలు పట్టుకున్నాయి, ఇవాళ మంచినీళ్ళు రాకపోతే తన వల్ల కాదని. బావి దగ్గర మాత్రం పొద్దున్నించీ చేదలు దిగుతూనే ఉన్నాయి.

ఎనిమిదిన్నరకి కొట్టాను. మూడు దెబ్బలు. నా జీవితంలో అంత గట్టిగా ఎప్పుడూ కొట్టలేదు.

ఎవరూ రాలేదు.

చేపలావిడ తన గుడారం ముందు కూర్చుని నన్నే చూస్తోంది. చూసి, మొహం తిప్పుకుని, దువ్వెన తీసి జుట్టు దువ్వుకోవడం మొదలుపెట్టింది. ఇంకో రెండుసార్లు కొట్టాను. ఒక కుక్క లేచి అటు పోయింది, అంతే. బావి వైపు బిందెలు వెళ్తూనే ఉన్నాయి.

బంకరు దగ్గరికి వచ్చాను. జేఈ ఫ్లాస్కులోంచి టీ పోస్తున్నాడు. "జనం రాట్లేదు సార్" అన్నాను. ఎందుకు రాట్లేదో చెప్పలేదు. నేను చేసిన పని అతనికి తెలీదనే నా నమ్మకం.

ఎందుకు రాట్లేదని అతనూ అడగలేదు. నా చేతికి గ్లాసిచ్చి, సంచిలోంచి పుస్తకం తీసి, ఎక్కడో మధ్యలో తెరిచాడు. నాకు చిరాకేసింది. ఈ మనిషికి ఇప్పుడు కూడా కథేనా అనుకున్నాను.

"రాత్రి ఒక సంగతి చదివాను బాబాయ్" అన్నాడు, నా వైపు చూడకుండా. "ఆ దేశంలో తిండి అయిపోయింది. జనం నీరసపడిపోయారు. ఈ పెద్దాయనకి జాలేసింది. ధాన్యం ఓడలు వస్తున్నాయని ఊరంతా గంటలు కొట్టించాడు. జనం రేవుకి పరిగెత్తారు. ఓడలు రాలేదు. మర్నాడు మళ్ళీ కొట్టించాడు. మళ్ళీ రాలేదు. మూడో నాడు నిజంగానే వచ్చాయి బాబాయ్. గంటలు మోగాయి. రేవులో పురుగు లేదు."

బావి వైపు ఇంకో రెండు బిందెలు దిగుతున్నాయి.

"అప్పుడు ఆ పెద్దాయన ఏం చేశాడంటే..." అని జేఈ పేజీ తిప్పాడు.

నేను గ్లాసు బంకరు మీద పెట్టేసి లేచాను. చావీ తీసుకుని క్యాంపు వైపు నడిచాను. వెనక నుంచి అతను పిలిచాడో లేదో కూడా గుర్తులేదు.

నేరుగా చేపలావిడ ముందుకి పోయి నిలబడ్డాను. చుట్టూ పదిమంది ఉన్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. బుధవారం గొట్టంలో చుక్క నీళ్ళు లేవు, గురువారమూ లేవు, తెలిసే కొట్టాను, ఇవాళ ఉన్నాయి, గంటసేపే ఉన్నాయి అన్నాను.

ఆమె దువ్వెన జుట్టులోనే ఉంచి నన్ను కిందా పైనా చూసింది.

"ఏటి బావా, రెండు దినాలు మమ్మల్ని ఎండలో కూకోబెట్టినావు. ముసిల్దానికి కళ్ళు తిరిగి పడిపోనాది. ఇప్పుడొచ్చి నిజం సెప్తన్నానంటావు. నువ్వు నిజమే సెప్తన్నావని మాకెలా తెలుస్తాది?"

న్యాయమైన ప్రశ్న. ఒట్టు పెట్టుకోవచ్చు, కానీ నా ఒట్టుకి ఆ పూట విలువేముంది? నా దగ్గర ఉన్నది ఒక్కటే. దాన్ని ఆమె ముందు పెట్టాను.

"నువ్వే కొట్టు. నువ్వే తిప్పు. నీళ్ళు రాకపోతే ఆ చావీ తీసుకెళ్ళి సముద్రంలో గిరాటెయ్యి."

చావీ వేరేవాళ్ళకివ్వడమేమిటని మా శాఖవాళ్ళు ఇప్పటికీ అడుగుతారు. ఆమె మాత్రం దాని వైపు చాలాసేపు చూసింది. మా వీధిలో పుట్టి పెరిగిన మనిషి. చావీ ఎవరి చేతిలో ఉండాలో ఆమెకీ తెలుసు. దువ్వెన తీసి కొప్పు ముడేసుకుని లేచింది. చావీని చేపల తట్టలా నెత్తి మీద పెట్టుకోబోయి, కాదని భుజాన వేసుకుంది. ఆ బరువుకి ఒక పక్కకి ఒరిగింది. జనం నవ్వారు. నవ్వినవాళ్ళు తమాషా చూడ్డానికి వెనకే వచ్చారు. ఖాళీ చేతులతో రావడమెందుకని కొంతమంది బిందెలు కూడా తెచ్చారు.

ఆమె మూడు దెబ్బలు కొట్టింది. వంకర టింకరగా, ఎవరిదీ కాని చప్పుడు. కుళాయిలన్నీ విప్పించి నేను ఎటు తిప్పాలో చూపించాను. మొదట గాలి బుసకొట్టింది. "ఇదేనా నీ నీళ్ళు?" అంది. తర్వాత తుప్పు ఎర్రగా కక్కింది. ఆ తర్వాత నీళ్ళు వచ్చాయి. ఆమె కొంగు తడుపుకుని మొహం తుడుచుకుని, బావి వైపు తిరిగి వేసిన కేక గోల్ ఘర్ దాకా వినపడి ఉంటుంది.

పది కొట్టేసరికి క్యాంపులో పట్టుకోని బిందె లేదు. అతుకు కొంచెం కారింది, ఎగిరిపోలేదు. మూడు నాలుగు రోజుల్లో పిల్లలు తేరుకున్నారు. క్యాంపు ఉన్నన్నాళ్ళూ అక్కడ దెబ్బలు ఆమే కొట్టింది. నేను పక్కన నిలబడేవాణ్ణి. నేను కొడితే జనం వస్తారా రారా అని తెలుసుకోవాలని ఉండేది, కానీ అడిగే మొహం లేదు.

అయితే ఒక పురుగు నా బుర్రలో దూరి ఉండిపోయింది. ఆ పెద్దమనిషి ఏం చేశాడు? గంటలు మోగాయి, రేవులో ఎవరూ లేరు, ఆ తర్వాత? ఆయన దగ్గర చావీ లేదు కదా ఇవ్వడానికి. జేఈని అడుగుదామనుకుంటూనే రోజులు గడిచాయి. అడిగితే నా సంగతి చెప్పాలి. పనుల ఒత్తిడిలో పుస్తకం సంచిలోంచి బయటికి రావడం కూడా మానేసింది. ఏడాదికల్లా అతనికి బదిలీ అయింది. వెళ్ళేరోజు ఆ పుస్తకం నా చేతిలో పెట్టాడు. "ఉంచండి బాబాయ్, ఓడలో బరువు" అన్నాడు.

దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి బియ్యం డబ్బా మీద పెట్టాను. పేజీ నా ఇంట్లోనే ఉంది, నాకు మాత్రం అందదు. దాని కోసమే అక్షరాలు నేర్చుకున్నాను, వేరే గొప్ప కారణం లేదు. నా వంతు వీధుల్లో తెలుగు బడి టీచరమ్మ ఒకరు ఉండేవారు. మనిషి కఠినం. పొద్దున్నే దెబ్బలు కొట్టి, వాల్వు తిప్పేముందు ఆగే ఆ పావుగంట నాకు పాఠం. సిమెంటు మూతే పలక. సంతకం నేర్పిస్తే చాలా అని అడిగారు. కాదమ్మా, ఒక పేజీ చదవాలి అన్నాను. ఏ పేజీ అని అడగలేదు. నాలుగు నెలలకి గుణింతాలు వచ్చాయి. పుస్తకం తీసుకెళ్ళి ఆవిడకి చూపించాను.

ఆవిడ తెరిచి చూసి, కళ్ళజోడు తీసి, "ఇది ఇంగ్లీషు కదయ్యా" అన్నారు.

నవ్వకండి. బోర్డుల మీద రకరకాల రాతలుంటాయని తెలుసు, ఏది ఏ భాషో నాకెలా తెలుస్తుంది? జేఈ ఆ పుస్తకం తెరిచినప్పుడల్లా అందులోంచి నాకు తెలుగే వినపడింది.

ఆ పుస్తకానికి తెలుగు అనువాదం వచ్చిందని, నేను రిటైరయ్యాక చాలా ఏళ్ళకి ఆ టీచరమ్మే కనుక్కున్నారు. ఆవిడ మేనల్లుడు విశాఖపట్నం నుంచి ఓడలో తెచ్చాడు. అప్పటికి నేను పేపరు చదవగలిగేవాణ్ణి, తప్పుల్లేకుండా కాదు. మొదలుపెట్టాను.

పేజీ కోసం మొదలుపెట్టినా, దారిలో చాలా చోట్ల ఆగిపోయాను. చరిత్ర అంటే రాజులూ తేదీలూ అనుకునేవాణ్ణి. ఇందులో మనుషులు స్నానం చేస్తున్నారు, పోట్లాడుకుంటున్నారు, బాంబు పడిన మర్నాడు పాలవాడు వచ్చాడా లేదా అని చూస్తున్నారు. పెద్దమనిషి కోప్పడితే భార్య చీవాట్లు పెడుతోంది. ఒక పక్క నాకు ఆశ్చర్యం, ఒక పక్క అనుమానం. ఊరి మీద బాంబు పడితే ముందు పగిలేది నీళ్ళ గొట్టమే. ఎవడు అతికాడు? ఎవడు వాల్వు కట్టాడు? ఇన్ని వందల పేజీల్లో వాళ్ళ మాట రెండు చోట్ల వచ్చింది, రెండు చోట్లా ఒక్కో వాక్యం. ఆ వాక్యాల దగ్గర ఆగి నేను టీ తాగాను.

మంచం మీద పడుకుని ఉత్తర్వులు రాయించడం ఉంది. మాట్లాడుకోని సేనాపతులు లేరు. ఉండి ఉంటారు, నాకే కనపడలేదేమో అని వెనక్కి వెళ్ళి మళ్ళీ చూశాను. లేరు.

తర్వాత ఒక మధ్యాహ్నం గంటల పేజీ వచ్చింది. వరండాలో కూర్చుని ఉన్నాను. 'గంట' అనే మాట కనపడింది. వేలు కదలకుండా పెట్టి చదివాను. ఆ దేశంలో చర్చీల్లో గంటలు కొట్టడం ప్రభుత్వమే ఆపించిందట. గంట మోగిందంటే శత్రువు నేల మీద దిగాడని గుర్తట. అందుకని ఇంక దేనికీ ఎవరూ కొట్టకూడదట.

రెండోసారి చదివాను. మూడోసారి పైకి చదివాను. గంటలే మోగకూడని దేశంలో ఓడలు వస్తున్నాయని గంటలు ఎవడు కొట్టిస్తాడు?

పుస్తకం చివరిదాకా పూర్తిచేశాను, అయినా ఒక మూల ఆశ ఉండి. తర్వాత ఆఫీసుకి పోయి జేఈ నంబరు సంపాదించాను. జేఈ అంటున్నాను గానీ ఇప్పుడు చాలా పెద్ద ఇంజనీరు. గొంతు వినగానే, "బాబాయ్!" అన్నాడు.

కుశల ప్రశ్నలయ్యాక సూటిగా అడిగాను. ఆ గంటల కథ పుస్తకంలో లేదు, ఎక్కడిది సార్ అని.

"మీరు చదివారా?"

"చదివాను. మొత్తం."

"నేను నలభై పేజీలే చదివాను బాబాయ్" అన్నాడు. మొదటిసారి ఓడలో వస్తూ మొదలుపెట్టాడట. నలభయ్యో పేజీ దగ్గర వాంతులు పట్టుకున్నాయట. మళ్ళీ ఆ పుస్తకం చదవాలంటేనే కడుపులో తిప్పేదట. మాకు చెప్పినవన్నీ ఆ నలభై పేజీల్లోని మనిషిని పట్టుకుని ఏ పూటకాపూట అల్లినవే.

"మరి గంటల కథ ఎందుకు అల్లారు? నా సంగతి మీకు రాంచీవాడు చెప్పాడా?"

"ఎవరూ చెప్పలేదు. బుధవారం మధ్యాహ్నం నేను అతుకు దగ్గర గుంటలో ఉన్నాను. గొట్టం నా రెండు చేతుల్లో ఉంది. అది మూడుసార్లు అదిరింది బాబాయ్. మొదట భూకంపమనుకున్నాను. తర్వాత మీరని తెలిసింది."

ముప్పై ఏళ్ళ పైన ఆ గొట్టాలతో బతికినవాణ్ణి. నేను కొట్టిన దెబ్బ వీధి చివరిదాకా పోతుందని పొగరుపడినవాణ్ణి. రెండో వైపుకి కూడా పోతుందని నాకు తట్టలేదు.

"అప్పుడే తిట్టి ఉండొచ్చు కదా సార్."

"మా నాన్న వయసు మీది. నాకు ఉద్యోగం వచ్చి మూడు నెలలు. మిమ్మల్ని తిట్టే ధైర్యం లేక ఆ పెద్దాయన్ని తిట్టాను."

నాకు నవ్వొచ్చింది. అన్నేళ్ళుగా అడగాలనుకున్నది అప్పుడు అడిగాను. "సరే, అల్లిందే అనుకుందాం. గంటలు మోగాయి, ఎవరూ రాలేదు, అప్పుడు ఆయన ఏం చేశాడు? పేజీ తిప్పారు కదా, ఏం చెప్పబోయారు?"

"ఏమో బాబాయ్. ఆలోచించుకోవడానికే పేజీ తిప్పాను. ఏం చెప్పాలో తెలీలేదు. ఇంతలో మీరు లేచారు."

"లేవకపోతే?"

"ఇంకో గ్లాసు టీ పోసేవాణ్ణి."

ఫోను పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు. కొంచెం మొహమాటంగా, "ఇంతకీ ఆయన చివరికి ఏమయ్యాడు బాబాయ్, పుస్తకంలో?" అన్నాడు.

ఇప్పుడు ఆదివారం ఆదివారం ఫోను చేస్తాడు. నేను కళ్ళజోడు పెట్టుకుని చదివి వినిపిస్తాను, నలభై ఒకటో పేజీ నుంచి. తడబడితే ఓపిగ్గా ఆగుతాడు. మధ్యలో ఏదైనా కలిపి చెప్పాలని నోరు దురద పెడుతుంది, కలపను. అతను కలిపి చెప్పాడు, అది అతని విద్య. నేను కష్టపడి నేర్చుకున్నది ఉన్నది ఉన్నట్టు చదవడం.

మొన్న ఆదివారం గంటల పేజీ వచ్చింది. చదివాను. ఎవరూ కొట్టకూడదని హుకుం అయింది, అని పేజీ ముగించాను.

"అప్పుడు?" అన్నాడు.

"ఉండండి సార్" అని ఫోను పుస్తకం పక్కన పెట్టి, టీ పెట్టుకోవడానికి లేచాను.